పూలకి రెండు చెంచాల పాలు

కుట్టుమిషను గది నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

బాగున్నావా? మరదలి మోకాలు ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను. చెవులు మాత్రం ఇంకాస్త మొండికేశాయి. ఫోనులో నువ్వు పది మాటలంటే నాకు రెండు వినపడుతున్నాయి, ఆ రెండూ తిట్లే. అందుకే ఉత్తరం.

ఒక సంగతి అడుగుతాను, నవ్వకుండా చెప్పు. ఇంట్లో గాజు కూజాలో పూలు పెట్టాలనుకుంటున్నాను. ప్లాస్టిక్ పూలు కాదు, నిజం పూలు. పాతికేళ్లుగా పూల మార్కెట్టులోనే కదా నీ పని! కాడలు కొయ్యడం, కట్టలు కట్టడం నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఎప్పుడు కొనాలి, ఎలా పెట్టాలి, నీళ్లలో ఏమైనా కలపాలా, అంతా వివరంగా రాయి. ఇంకా నెల పైన టైముంది.

కూజా అయితే కొనేశాను. నా మోచెయ్యంత ఎత్తు ఉంది. కుట్టు బల్ల మీద పెట్టుకుని, దాన్ని చూస్తూ పరదాలు కుడుతున్నాను. ఖాళీది కూడా బాగానే ఉంది. ఎందుకూ ఏమిటీ అని అడక్కు.

అక్క

*

పూల మార్కెట్టు, వెనక గేటు, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని

మహారాణి అక్కగారికి,

నీ ఉత్తరం చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. మా అక్క ఇంట్లో పూలా! ఏం, నేల తుడిచే బకెట్టుకి చిల్లు పడిందా?

మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. నీ కూతురు పిచ్చుక మొదటి జీతంతో ఇంత లావు గులాబీల కట్ట తెచ్చి నీ చేతిలో పెడితే, "ఈ గడ్డి కొనడానికా నువ్వు ఉద్యోగం చేసింది!" అని తీసుకెళ్లి స్నానాలగదిలో తుడుపు బకెట్టులో కుక్కిన మనిషివి నువ్వు. వారం రోజులు చీపురుకట్టా గులాబీకట్టా పక్కపక్కనే కాపురం చేశాయి. ఆ కథ నేను చెబితే చుట్టాలు ఇప్పటికీ కడుపు పట్టుకుంటారు. పెద్దన్నయ్య ఇంట్లో నలభై మంది ముందు చీపురుకట్ట గొంతుతో సహా చెప్పానా లేదా? పిచ్చుక కూడా నవ్వింది కదా.

సరే, అడిగావు గనక చెబుతాను. ఎనిమిదో తరగతి మీద మమకారం చంపుకోలేక రెండేళ్లు చదివినవాణ్ని. అయినా పూల దగ్గర నేనే ప్రొఫెసర్ని. రాసుకో.

పూలు ఏ రోజుకి కావాలో దానికి ఎనిమిది రోజుల ముందే కొనాలి. వాటికి కొత్త ఇల్లు కదా, అలవాటు పడొద్దూ! ఆకు ఒక్కటి కూడా తుంచకు, నీళ్లలో మునిగినా సరే. పూలకి ఊపిరితిత్తులు అవే. నీళ్లు పొరపాటున కూడా మార్చకు, పాతబడే కొద్దీ సారం దిగుతుంది. అందులో రెండు చెంచాల పాలు పొయ్యి. పాలు లేని పువ్వు తల్లి లేని పిల్ల. ఇక ముఖ్యమైనది, పొద్దుగూకగానే తడిబట్ట కప్పి "పడుకోండమ్మా" అని చెప్పాలి. గట్టిగా చెప్పు. నీకు వినపడకపోయినా వాటికి వినపడుతుంది.

ఈ రహస్యాలు మార్కెట్టులో పుట్టి పెరిగినవాళ్లకే తెలుస్తాయి. నువ్వు అక్కవి కాబట్టి చెబుతున్నాను.

ఇట్లు,
నీ ప్రొఫెసరు తమ్ముడు

*

కుట్టుమిషను గది నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు చెప్పినవన్నీ పెద్దక్షరాలతో రాసి, కూజా వెనక గోడకి అంటించాను. అసలు రోజుకి తప్పు జరక్కూడదని ముందుగా ఒకసారి చేసి చూశాను. అనుమానాలు వచ్చాయి, విసుక్కోకుండా చెప్పు.

పాలు కాచినవా, పచ్చివా? నువ్వు రాయలేదు. నేను కాచి చల్లార్చి, మీగడ తీసి పోశాను. తడిబట్టకి నా దగ్గర పరదాల ముక్కలు చాలా ఉన్నాయి గానీ అన్నీ గరుకు. రేకులకి గుచ్చుకోని మెత్తటి ముక్క ఒకటి వెతికి, చుట్టూ అంచు కుట్టాను. "పడుకోండమ్మా" అనడానికి మొదటి రోజు సిగ్గేసింది. తలుపు వేసి చెప్పాను. మూడో రోజుకి అలవాటైపోయింది. ఇప్పుడు చెప్పకపోతే నాకే నిద్ర పట్టడం లేదు.

ఒక్కటే బెంగ. ఐదో రోజుకి నీళ్లు తెల్లగా, జిగురుగా అయ్యాయి. వాసన. కింది వాటా ఆవిడ పైకొచ్చి "ఎలక గానీ చచ్చిందేమో చూడండి" అంది. నాకూ అలాగే అనిపించింది గానీ, నాకేం తెలుసు పూల గురించి! ఇది మామూలేనా? నేనే ఎక్కడో తప్పాను. ఎక్కడో చెప్పు. ముఖ్యమైన మనిషి వస్తోంది. మళ్లీ మళ్లీ వచ్చే మనిషి కాదు. ఇంక పదిహేను రోజులే ఉంది, వెంటనే రాయి.

అక్క

*

పూల మార్కెట్టు, టీ బల్ల దగ్గర నుంచి

మహారాణీ,

తప్పు దొరికింది. కాచిన పాలు పోసేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? పచ్చి పాలు, మీగడతో సహా. మొదటిసారి బలం చాల్లేదు గనక ఈసారి నాలుగు చెంచాలు పొయ్యి.

వాసన సంగతి అంటావా, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు మొదట్లో అందరి మీదా ముక్కు విరవదూ? పూలూ అంతే. ఎనిమిదో రోజుకి సర్దుకుంటాయి. కింది వాటా ఆవిడ ముక్కుకి తాళం వేసుకోమను.

ఇంతకీ ఎవరా ముఖ్యమైన మనిషి? "వస్తోంది" అని రాసి నన్ను తప్పుదారి పట్టించకు, మీసాలున్న మనిషే అయ్యుంటుంది. బావ పోయి పన్నెండేళ్లు దాటింది, నాకేం అభ్యంతరం లేదు. మంచి చొక్కా ఉతికించుకుని వస్తాను, ముందుగా చెబితే చాలు.

ఇట్లు,
ప్రొఫెసరు

*

కుట్టుమిషను గది నుంచి

తమ్ముడూ,

ఆదివారం మధ్యాహ్నం పిచ్చుక వచ్చింది. ఐదేళ్ల తర్వాత. సాయంత్రం బస్సు దాకా ఉంటానని ముందే కార్డు రాసింది. అంతకంటే ముందే వెళ్లిపోయింది.

కూజా కడిగి అటక మీద పెట్టేశాను. నీ శ్రమకి సంతోషం. మరదల్ని మోకాలికి కాపడం మానొద్దను.

అక్క

*

ఇంట్లోంచి, వంటగది బల్ల మీద

అక్కా,

ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది నాలుగోసారి. ముందు మూడింట్లోనూ ఏదో ఒక చోట జోకు వచ్చింది. చించేశాను. నా చేతికి వేరే రకంగా రాయడం రాదు, తిన్నగా రాయాలంటే చెప్పులు లేకుండా రాళ్ల మీద నడుస్తున్నట్టుంది.

నేను చెప్పినవన్నీ అబద్ధం. ఎనిమిది రోజులు, ఆకులు, పాలు, తడిబట్ట, అన్నీ. ఒక్క ముక్క కూడా నిజం లేదు. పూలు ఆ రోజు పొద్దున్నే కొనాలి. నీళ్లలో మునిగే ఆకులన్నీ తుంచెయ్యాలి, అవి కుళ్లుతాయి. కాడ చివర ఏటవాలుగా కొయ్యాలి. కూజా సబ్బుతో కడగాలి, రోజూ నీళ్లు మార్చాలి. అంతే. ఇది రాయడానికి నాలుగు వరసలు పట్టింది. ఆవేళ ఈ నాలుగు వరసలే రాసి ఉంటే సరిపోయేది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నువ్వు నమ్మే కొద్దీ నాకు మజా పెరిగింది. ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే సగం అబద్ధం మిగిలిపోతుంది. నీ ఉత్తరాలు టీ బల్ల దగ్గర గట్టిగా చదివేవాణ్ని. పన్నెండు మంది ఉంటాం. నువ్వు బట్టకి అంచు కుట్టానన్నచోట లారీ డ్రైవరు టీ ఉమ్మేశాడు, అంత నవ్వు. సాయంత్రం పూలు దాచే చల్లగది తలుపు వేసేటప్పుడు అందరూ కలిసి "పడుకోండమ్మా" అనడం అలవాటైంది. వాళ్లు మంచివాళ్లే అక్కా, వాళ్లకి నువ్వెవరో తెలియదు. నాకు తెలుసు.

నీ చివరి ఉత్తరం కూడా అలాగే తీశాను. అందరూ చుట్టూ చేరారు. మొదటి వరస గట్టిగా చదివాను, రెండో వరస దగ్గర కాగితం మడిచేశాను. "ఆగావేం, చదవరా" అన్నారు. బకెట్లు కడిగే పెద్దమ్మ ఒక్కతే నవ్వకుండా నా మొహం చూసి, "ఎవరొస్తున్నారో అడిగావట్రా ముందు?" అంది.

అడిగాను. ఎలా అడిగానో నీ దగ్గరే ఉంది కదా, నా చేతి రాతలో.

ఆదివారం ఏం జరిగిందో రాయి. తిట్టు. పిల్లనేమన్నా అన్నావా, అదేమన్నా అందా? ఏమీ రాయకుండా మోకాలికి కాపడం గురించి రాశావు చూడు, ఆ వరసే పదిసార్లు చదివాను.

తమ్ముడు

*

కుట్టుమిషను గది నుంచి

తమ్ముడూ,

తిట్టమన్నావు. తిట్లు నీకు టానిక్కు లాంటివి, తాగి మర్నాటికి లేచి కూర్చుంటావు. అందుకని తిట్టను. జరిగింది రాస్తాను.

అది తెచ్చిన రకం గులాబీలే కొన్నాను. ముదురు ఎరుపువి. ఎనిమిది రోజుల ముందు. నాలుగు చెంచాల పచ్చి పాలు. ఆదివారానికి తలలు వాలిపోయాయి, నీళ్ల మీద తెట్టు కట్టింది. కిటికీలన్నీ తీసి కూర్చున్నాను. నా ముక్కు మొత్తుకుంటూనే ఉంది. నా ముక్కుని కాదని నిన్ను నమ్మాను.

పిచ్చుక గుమ్మంలోనే ఆగిపోయింది. చెంగు అడ్డం పెట్టుకుని లోపలికొచ్చి కూజా చూసింది. "అమ్మా, ఇవి ఎప్పటివి?" అంది. నేను గర్వంగా చెప్పాను, ఎనిమిది రోజులవి అని.

అప్పుడు మెల్లగా ఏదో అంది. నాకు వినపడలేదు. ఏమిటమ్మా అన్నాను. మళ్లీ అంది. మళ్లీ వినపడలేదు. మూడోసారి అరవాల్సి వచ్చింది. "నాకోసం తాజాగా నాలుగు పూలు పెట్టలేకపోయావా, ఎవరికో పెట్టి మిగిలినవా ఇవి!" అని. గొణుక్కుని ఊరుకునే మాట, నా చెవుల వల్ల అరిచింది. అరిచాక ఏడ్చింది. కింది వాటా ఆవిడ విన్నది. బస్సుకి ఇంకా రెండు గంటలుండగానే చెప్పులేసుకుంది.

నువ్వు చెప్పావని దాంతో అనలేదు. తెలియక చేశాను అన్నాను. ఎందుకంటే, నీ పేరెత్తితే అది రెండో మాట వినదు. పెద్దన్నయ్య ఇంట్లో పిచ్చుక కూడా నవ్విందని రాశావు. నవ్వలేదురా. నవ్వినట్టు మొహం పెట్టింది. నువ్వు చీపురుకట్ట గొంతు పెట్టి మాట్లాడుతుంటే, చెయ్యి కడుక్కునే నెపంతో లేచి, అటునుంచి అటే బస్సెక్కింది. నాతో మాట కూడా చెప్పలేదు. ఆ రోజు నుంచే రావడం మానేసింది.

పూలు బకెట్టులో పెట్టింది నేను. అది నా తప్పు, నీ మీదకి తోసెయ్యను. పిల్ల ఒక రోజు ఏడ్చి మర్చిపోయేదేమో. నువ్వు మాత్రం ఎవరు కనపడితే వాళ్ల ముందు ఆ బకెట్టు బయటికి తెచ్చి పెట్టావు. నేనూ నీతో పాటు నవ్వాను, అది ఇంకా పెద్ద తప్పు.

ఈ ఉత్తరం కూడా టీ బల్ల దగ్గర చదువుతావా?

అక్క

*

ఇంట్లోంచి

అమ్మా పిచ్చుకా,

మీ మామయ్య రాస్తున్నాడు. చూడగానే చించెయ్యాలనిపిస్తుంది. నా కాగితం చించు, ఫర్వాలేదు. లోపల మడతపెట్టిన రెండు కాగితాలు మాత్రం చించకు. అవి మీ అమ్మవి.

మీ అమ్మ నెల పైన టైముండగానే పూలు ఎలా పెట్టాలని నన్ను అడిగింది. నీకోసమని చెప్పలేదు. చెబితే వెటకారం చేస్తానని భయం, చేసేవాణ్నే. నేను సరదాకి అబద్ధాలు రాసి పంపాను. ఎనిమిది రోజుల ముందు కొనమన్నది నేను. నీళ్లు మార్చొద్దన్నది నేను. పాలు పొయ్యమన్నదీ నేనే. వాసనొస్తోంది, ఎక్కడ తప్పాను అని అడిగితే, పాలు రెట్టింపు చెయ్యమన్నాను. ఆ కంపు నీకోసం ఆవిడ ఎనిమిది రోజులు పడ్డ కష్టం. నాకు చెప్పడం చేతకావడం లేదు, ఆ ఉత్తరాలు చదివితే నీకే తెలుస్తుంది. ఆ రోజు మీ అమ్మ నా పేరు చెప్పి తప్పించుకోవచ్చు, చెప్పలేదు.

వాటి మీద టీ మరకలున్నాయి. అవి మీ అమ్మ చేసినవి కావు. నేను పన్నెండు మందిని కూర్చోబెట్టి చదివి నవ్వించినప్పటివి. తుడిచి పంపుదామనుకున్నాను, తుడిస్తే అక్షరాలు పోతాయని ఆగాను. అదీగాక, అవి కూడా నువ్వు చూడాల్సినవే.

ఆ బకెట్టు కథ ఐదేళ్లలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. నువ్వు నవ్వావనే అనుకున్నాను. నవ్వించేవాడికి ఒక జబ్బుంటుంది తల్లీ, పళ్లు కనపడితే చాలు, కళ్లు చూడడు. ఇది సాకు కాదు. సాకైతే ఇంకా బాగా రాసేవాణ్ని.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు. మీ అమ్మని మాత్రం తప్పుగా అనుకోకు.

మామయ్య

*

కళ్లద్దాల దుకాణం, పై గది నుంచి

మామయ్యకి,

నీ ఉత్తరం అందింది. అమ్మ ఉత్తరాలు తిరిగి పంపను. నా దగ్గరే ఉంచుకుంటాను.

షాపులో ఎవరూ లేనప్పుడు చదివాను. "తలుపు వేసి చెప్పాను" అన్నచోటికి వచ్చాక ఆగిపోయాను. అంతలో ఒకాయన అద్దాల నంబరు చూపించుకోడానికి వచ్చాడు. ఆయన చేత అక్షరాలు చదివించాల్సిన దాన్ని నేను, గోడ మీద పెద్ద అక్షరం కూడా నాకే కనపడలేదు. ఆయనే కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నాడు.

అమ్మకి వేరే ఉత్తరం రాశాను. అరిచినందుకు. వచ్చే నెల మొదటి శుక్రవారం నుంచి మూడు రోజులు సెలవు పెట్టి వెళ్తున్నాను. పూలు నేను తీసుకెళ్తాను.

నువ్వు రావొద్దు. అమ్మ నిన్ను పిలుస్తుంది, నాకు తెలుసు. పిలిచినా రావొద్దు. నీ మీద అరవాలని కాదు, ఆ ఓపిక కూడా లేదు. నువ్వు గదిలో ఉంటే, నేను నోరు తెరిచే ముందు ఈ మాట రేపు నలుగురిలో ఏ గొంతుతో వినపడుతుందా అని ఆలోచిస్తాను. మూడు రోజులు ఆ ఆలోచన లేకుండా అమ్మతో మాట్లాడాలని ఉంది.

నేను వద్దన్నానని అమ్మకి తెలియకూడదు. బాధపడుతుంది. నువ్వు ఒక్క మాటైనా కడుపులో దాచుకోగలవో లేదో నాకు తెలియదు. దాచుకో.

పిచ్చుక

*

కుట్టుమిషను గది నుంచి

ఒరేయ్ కోతీ,

పిచ్చుక ఉత్తరం రాసింది! నాలుగు పేజీలు. మూడు రోజులు ఉంటుందట. నువ్వు దానికేదో రాశావట, ఏం రాశావో నువ్వూ చెప్పలేదు, అదీ చెప్పలేదు. నేనూ అడగను. నీ మీద కోపం పోయిందని అనుకోకు. ఉంది. కాకపోతే దాన్ని ప్రస్తుతం పక్కన పెట్టాను, తీరిగ్గా తర్వాత చూస్తాను.

శుక్రవారం పొద్దున బస్సుకి నువ్వూ వచ్చెయ్. మరదల్నీ తీసుకురా. నలుగురం కూర్చుందాం. నీ చేత్తోనే పూలు పెడుదువుగాని, నేను పక్కన నిలబడి చూస్తాను, ఏం పోస్తావో! కూజా అటక మీంచి దించాను. రెండుసార్లు సబ్బుతో కడిగాను.

తప్పకుండా రావాలి. పిల్ల ముందు మనం మామూలుగా ఉంటే అన్నీ సర్దుకుంటాయి.

అక్క

*

పూల మార్కెట్టు, చల్లగది పక్కన

అక్కా,

రావడం కుదరదు. ఆ మూడు రోజులూ చల్లగది మరమ్మతు పెట్టుకున్నారు. లోపలి సరుకంతా బయటికి మార్చాలి, నేను లేకపోతే ఒక్క కట్ట కూడా సరిగ్గా దిగదు. యజమానిని అడిగాను, వీల్లేదన్నాడు. నీ మరదలికి మోకాలు సరే సరి.

నీకు కోపం వస్తుంది. చేసిందంతా చేసి, పిలిస్తే బెట్టు చేస్తున్నాడు వెధవ అనుకుంటావు. అనుకో. కింది వాటా ఆవిడతో కూడా అను, తప్పులేదు. ఇంకోసారి పిలవకు, ఆ శుక్రవారం గుమ్మం వైపు చూస్తూ కూర్చోకు. రాను.

పిచ్చుక మాట్లాడేటప్పుడు కుట్టుమిషను ఆపెయ్యి. ఆ చప్పుడులో నీకు ఇంకా వినపడదు. పక్కన కూర్చో, కుడి చెవి అటువైపు పెట్టు. వినపడకపోతే మళ్లీ అడుగు, సిగ్గుపడకు. ఈసారి అది విసుక్కోదు.

నా గురించి అదేమీ అడగదు. అడక్కపోతే నువ్వు ఎత్తకు.

ఇంకొక్క మాట. ఇన్నేళ్లుగా మీ ఇంట్లో గ్లాసు కింద పడ్డా నాకు రాసేదానివి, నేను దానికి ముక్కూ చెవులూ తగిలించి ఊరంతా పంచేవాణ్ని. ఆ మూడు రోజులూ మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాత్రం నాకు రాయకు.

తమ్ముడు